ఓడ కొలువు కోసం ఏజెంటుకు రెండున్నర లక్షలు కట్టవచ్చా?

అనకాపల్లి అన్న:
మా తమ్ముడు హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చేసి, విశాఖలోని ఒక హోటల్లో రెండేళ్లుగా వెయిటర్‌గా పనిచేస్తున్నాడు. క్రూయిజ్ ఓడలో అసిస్టెంట్ వెయిటర్‌గా చేర్పిస్తానని ఒక ఏజెంటు రెండున్నర లక్షలు అడుగుతున్నాడు. లక్ష ముందుగా, మిగిలినది వీసా చేతికి వచ్చాక ఇవ్వాలట. నాన్న అరెకరం తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారు. ఇలా డబ్బు కట్టి వెళ్లడం సబబేనా? ఓడల్లో పనిచేసినవారు, వారి ఇళ్లవారు తమ అభిప్రాయం చెప్పగోరుతున్నాను.

గోదారి గట్టు:
కట్టమనే నా సలహా. మా బావమరిది 2018లో ఇలాగే లక్షా ఎనభై వేలు ఇచ్చి వెళ్లాడు. మొదటి కాంట్రాక్టు ముగిసేలోపే అప్పు తీర్చాడు, ఇప్పుడు సొంత ఇల్లు కట్టుకుంటున్నాడు. గోవా, ముంబయి కుర్రాళ్లకు ఓడల్లో పనిచేసిన మేనమామలు, పెదనాన్నలు ఉంటారు కనుక, ఏ కంపెనీ ఎప్పుడు ఇంటర్వ్యూలు పెడుతుందో వారికి ఇంట్లోనే తెలుస్తుంది. మన జిల్లాల పిల్లలకు ఆ దారి చూపే పెద్దలు లేరు. కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో ఎంతమంది ఏజెంటుకు పైసా ఇవ్వకుండా వెళ్లారు? దారి చూపినవాడు ప్రతిఫలం అడగడాన్ని నేను తప్పుపట్టలేను.

గ్యాలీలో ఏడేళ్లు:
మనవాళ్లకు సమాచారం అందడం లేదన్న గోదారి గట్టు గారి మాట నిజమే. అయితే ఆ లోటు పూడ్చుకోవడానికి మీ నాన్నగారు పొలం తాకట్టు పెట్టవలసిన అగత్యం లేదని గట్టిగా చెప్పదలిచాను.

2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికను మన దేశం 2015 అక్టోబరులో ఆమోదించింది. దాని ప్రకారం, ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి నుంచి నేరుగా గాని, మరో పేరు పెట్టి గాని రుసుము వసూలు చేయకూడదు. వైద్య ధ్రువపత్రం, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు ఖర్చులు మాత్రమే అతనివి. వీసా ఖర్చు కూడా ఓడ యజమానే భరించాలి. నావికుడంటే డెక్కు మీదా ఇంజను గదిలోనూ పనిచేసేవాడేనని చాలామంది పొరబడతారు గాని, ఓడలో గిన్నెలు కడిగేవాడు కూడా ఆ నిర్వచనంలోకే వస్తాడు. మన దేశం నుంచి ఓడలకు మనుషులను పంపే సంస్థకు, కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగమైన డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండి తీరాలి. ఆ నంబరు అడిగి తీసుకుని, డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో సరిచూడండి.

మీ ఏజెంటు చెప్పే వరస కూడా నాకు నచ్చలేదు. అమెరికా రేవులకు వెళ్లే సిబ్బందికి కావలసిన సీ1/డీ వీసాకు కంపెనీ ఇచ్చిన నియామక పత్రం చూపించాలి. ఇంటర్వ్యూ ఊసే లేకుండా వీసా గురించి మాట్లాడేవాడిని ఎలా నమ్మడం? 2011లో నేనూ ఇలాగే తొంభై వేలు పోగొట్టుకున్నాను. నా చేతికిచ్చిన ఆఫర్ లెటరు మీద ఓడ పేరు, కంపెనీ ముద్ర, సంతకం అన్నీ ఉన్నాయి. ముంబయి వెళ్లి విచారిస్తే కంపెనీవారు ఆ ఉత్తరం తాము ఇచ్చింది కాదన్నారు. ఆ మరుసటి ఏడాది, లైసెన్సున్న సంస్థ పెట్టిన ఇంటర్వ్యూలోనే నెగ్గి యుటిలిటీగా, అంటే గిన్నెలు కడిగి శుభ్రం చేసే పనివాడిగా చేరాను.

అసలు ఖర్చే ఉండదని నేను అనడం లేదు. అగ్నిమాపకం, నీటిలో ప్రాణరక్షణ, ప్రథమచికిత్స, వ్యక్తిగత భద్రత, ఓడ భద్రత కోర్సులను డీజీ షిప్పింగ్ అనుమతి ఉన్న శిక్షణ సంస్థలోనే చేయాలి. ఆ ఫీజు నేరుగా సంస్థకే కట్టి రసీదు తీసుకోండి.

డబ్బు పోవడం కంటే నన్ను ఎక్కువగా బాధించే విషయం మరొకటి ఉంది. గ్యాలీలో, అంటే ఓడ వంటగదిలో, మా ముందు ఎప్పుడూ మూడు బకెట్లు ఉండేవి: ఎర్రదాంట్లో సబ్బునీళ్లు, బూడిదరంగుదాంట్లో మంచినీళ్లు, తెల్లదాంట్లో క్లోరిన్ నీళ్లు. అమెరికా ఆరోగ్య తనిఖీలో 100కు 85 గాని అంతకంటే తక్కువ గాని వస్తే ఓడ తప్పినట్టే కనుక, ఆ నీళ్లలో చేతులు పగిలి మండుతున్నా పని ఆగేది కాదు. నా కేబిన్‌లో పై బెర్తు కుర్రాడు వడ్డీకి తెచ్చిన డబ్బు ఏజెంటుకు ఇచ్చి వచ్చినవాడు. మణికట్టు వాచి ట్రే ఎత్తలేకపోతున్నా, మెడికల్ సైన్ ఆఫ్ చేసి, అంటే అనారోగ్య కారణంతో కొలువు నుంచి దింపి, ఇంటికి పంపేస్తారన్న భయంతో నెలరోజులు ఓడ డాక్టరుకు చూపించుకోలేదు. రాత్రిళ్లు నేనే గుడ్డ కట్టేవాణ్ని. ఆరు నుంచి తొమ్మిది నెలలు వారాంతపు సెలవన్నది లేని కొలువు అది. అప్పు లేనివాడు ఒంట్లో బాగోలేకపోతే ఆ మాట పైకి చెప్పగలడు.

గోదారి గట్టు:
ఒడంబడిక సంగతి నాకు ఇంతవరకు తెలియదు, తెలిపినందుకు కృతజ్ఞతలు. అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు. ఇంటర్వ్యూల కోసం ముంబయికి రెండు మూడుసార్లు వెళ్లిరావడం, అక్కడ ఉండడం, ఇంగ్లీషు మెరుగుపరచుకోవడం కూడా డబ్బుతో కూడిన పనులే. మా బావమరిది విషయంలో ఆ శ్రమంతా ఏజెంటే పడ్డాడు, మోసమూ చేయలేదు.

ఓడ మనిషి అమ్మ:
2020లో ఓడలు నిలిచిపోయినప్పుడు మా అబ్బాయి రెండున్నర నెలలు మనీలా తీరంలో లంగరు వేసిన ఓడలోనే ఉండిపోయాడు. వాడిని పంపిన లైసెన్సు సంస్థవారు వారానికి రెండుసార్లు మాకు ఫోన్ చేసి, విమానం ఎప్పుడో, ఎక్కడ దింపుతారో చెబుతూ వచ్చారు. మా వీధిలో ఇంకో అబ్బాయి ఏజెంటు ద్వారా వెళ్లాడు. ఆ ఏజెంటు ఫోను పనిచేయక, వాళ్లమ్మ రోజూ కబురు కోసం మా గడప ఎక్కేది.

గ్యాలీలో ఏడేళ్లు:
గోదారి గట్టు గారూ, ప్రయాణానికయ్యే కొన్ని వేలు మీ చేతిలోంచే ఖర్చవుతాయి, ఎందుకు ఖర్చయ్యాయో మీకు తెలుస్తుంది. దానికీ ఉద్యోగానికి కట్టే వెలకూ పోలిక లేదు. మీ బావమరిదికి మంచి జరిగినందుకు సంతోషం, కాని ఆ లక్షా ఎనభై వేలు కూడా ఆయన ఇవ్వవలసిన సొమ్ము కాదనే ఇప్పటికీ అంటాను.

అనకాపల్లి అన్న:
నిన్న ఏజెంటును ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు అడిగాను. నమ్మకం ఉంటే కట్టండి, లేకపోతే మీ ఇష్టం అని ఫోన్ పెట్టేశాడు. నాన్న పట్టాదారు పాసుపుస్తకాన్ని మళ్లీ బీరువాలో పెట్టారు. తమ్ముడు కోర్సుల గురించి వాకబు చేస్తున్నాడు. గోదారి గట్టు గారూ, మీ బావమరిది ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీకి మన దేశంలో మనుషులను ఎంపిక చేసే లైసెన్సు సంస్థ ఏదో, ఇంటర్వ్యూలు ఎప్పుడు పెడతారో ఆయన్ను అడిగి చెప్పగలరా?