90 డిగ్రీల వేడితో కరెంటు తీయొచ్చా? కోల్డ్ ఫ్యూజన్ సెల్ లెక్కలు

మౌలాలి_బాయిలర్: కోల్డ్ ఫ్యూజన్ అంటే గది వేడి దగ్గరే అణు సంలీనం జరిగి, సెల్ తిన్న కరెంటు కన్నా ఎక్కువ వేడి వస్తుందనే వాదన. రసాయన శాస్త్రవేత్తలు ఫ్లైష్‌మన్, పాన్స్ 1989 మార్చి 23న అమెరికాలోని యూటాలో ప్రకటించిన ఆ అదనపు వేడిని ఇప్పటికీ ఎవరూ నమ్మకంగా మళ్లీ చేసి చూపలేదు. ఆ గొడవ కాసేపు పక్కన పెడదాం. వేడి నిజమే అనుకున్నా, సెల్‌లో పోసే భారజలం (మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లు) 101.4 డిగ్రీలకే మరుగుతుంది. మామూలు సెల్ నుంచి 90 డిగ్రీలు వస్తే గొప్ప. మే నెలలో హైదరాబాద్ గాలి 40. కార్నో హద్దు, అంటే వేడిలో గరిష్ఠంగా ఎంత భాగం పనిగా మారగలదో చెప్పే లెక్క, 50/363 (90 డిగ్రీలంటే 363 కెల్విన్), అంటే 13.8 శాతం. అదీ కాగితం మీదే.

తార్నాక_వైరింగ్: వేడి ఊరికే వస్తుంటే 4 శాతమైనా లాభమే కదండీ? అలాస్కాలో చీనా హాట్ స్ప్రింగ్స్ ప్లాంటు 2006లో 74 డిగ్రీల నీళ్లతోనే కరెంటు తీసింది.

మౌలాలి_బాయిలర్: అక్కడ చల్లార్చడానికి 4 డిగ్రీల నీళ్లున్నాయండీ, మనకెక్కడివి? వేడి అటు నుంచి ఇటు పారాలంటే హీట్ ఎక్స్ఛేంజర్‌లో ఒక్కో వైపు 10 డిగ్రీలు పోతాయి. టర్బైన్ లాంటి మెషీన్‌ని తిప్పే గ్యాస్ (ఏసీలో వాడే లాంటిది) 80 దగ్గర ఆవిరై 50 దగ్గర మళ్లీ ద్రవమవుతుంది. హద్దు 8.5 శాతానికి పడిపోయింది. ఏసీ స్క్రోల్ కంప్రెసర్‌ని ఉల్టా నడిపి ఎక్స్‌పాండర్‌గా (ఆవిరి వ్యాకోచంతో తిరిగే మెషీన్‌గా) వాడితే అందులో 60 శాతం దక్కుతుందనుకోండి. ఫీడ్ పంపు, ఫ్యాను తినగా మిగిలేది 4 శాతం. 1 కిలోవాట్ కరెంటుకి 25 కిలోవాట్ల వేడి కావాలి, 24 బయటికి పారబోయాలి. అసలు చిక్కు ఇంకోటి: ఈ వేడి ఊరికే రాదు, సెల్ కరెంటు తింటుంది. తిన్నదానికి 25 రెట్లు వేడి ఇస్తే తప్ప తన కాళ్ల మీద తను నిలబడదు.

కూకట్‌పల్లి_ల్యాబ్: సెల్ మూసేసి 16 బార్ (గాలి ఒత్తిడికి దాదాపు 16 రెట్లు) ప్రెషర్ పెడితే భారజలం మరగకుండా 200 డిగ్రీల దాకా వెళ్లొచ్చు. కార్నో 34 శాతం అవుతుంది.

మౌలాలి_బాయిలర్: సెల్‌లోని ఎలక్ట్రోడ్ పల్లాడియం లోహంతో చేసింది, అది డ్యుటీరియాన్ని పీల్చుకుంటుంది. వేడెక్కే కొద్దీ దాన్ని వదిలేస్తుంది. పది పల్లాడియం పరమాణువులకు తొమ్మిది డ్యుటీరియం పరమాణువులైనా నిండితేనే ఫలితం అంటారు, ఆ నింపుడే నిలవదు. పైగా మూసిన సెల్‌లో డ్యుటీరియం, ఆక్సిజన్ కలిసి పోగవుతాయి. వాటిని మళ్లీ నీళ్లుగా మార్చే క్యాటలిస్టు తడిసి పనిచేయకపోతే ప్రమాదం. 1992లో కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలో సెల్ పేలి ఒక పరిశోధకుడు చనిపోయారు. ప్రెషర్ మాట తేలిగ్గా అనకండి.

సనత్‌నగర్_చిల్లర్: కరెంటే ఎందుకు? 90 డిగ్రీల నీళ్లతో లిథియం బ్రోమైడ్ అబ్జార్ప్షన్ చిల్లర్ (లిథియం బ్రోమైడ్ ఉప్పు ద్రావణంతో, వేడి మీద నడిచే చల్లదనం మెషీన్) చక్కగా నడుస్తుంది. 10 కిలోవాట్ల వేడికి 7 కిలోవాట్ల చలి, అంటే రెండు టన్నుల ఏసీ అంత. కూలింగ్ టవర్ మాత్రం 17 కిలోవాట్లు పారబోయాలి. సాఫ్ట్‌నర్ లేకుండా బోరు నీళ్లు పోస్తే ట్యూబుల్లో సున్నం పేరుకుంటుంది. టవర్ నీళ్లు మరీ చల్లబడితే లోపల ఉప్పు గడ్డకట్టి మెషీన్ ఆగిపోతుంది.

తార్నాక_వైరింగ్: అంటే 25 రెట్ల షరతు పోయినట్టేనా?

సనత్‌నగర్_చిల్లర్: తగ్గింది, పోలేదు. అదే 1 కిలోవాట్ మామూలు ఏసీకి ఇస్తే 3 కిలోవాట్ల చలి వస్తుంది. దాన్ని మించాలంటే సెల్ తిన్న కరెంటుకి 4.3 రెట్లు వేడి ఇవ్వాలి, టవర్ పంపు, ఫ్యాను కలిపితే 5 రెట్లనుకోండి. ఎవరైనా సెల్ తెస్తే నేను ముందు అడిగేది ఈ అంకెనే.