కాగితాలు లేని మా అక్క కొడుకు అమెరికా సైన్యంలో చేరే దారి ఏదైనా ఉందా?

అందరికీ నమస్కారం. మా అక్క కొడుకు 2010లో, నాలుగేళ్ల వయసులో, హెచ్-4 వీసాపై (అమెరికాలో ఉద్యోగం చేసేవారి కుటుంబానికి ఇచ్చేది) టెక్సస్ వచ్చాడు. తరువాత బావగారి ఉద్యోగం పోయింది, వీసా గడువు తీరింది, వాళ్లు అక్కడే ఉండిపోయారు. నిర్ణయం పెద్దలది, అనుభవిస్తున్నది పిల్లవాడు.

హైస్కూల్లో నాలుగేళ్లు, పిల్లలకు సైనిక క్రమశిక్షణ నేర్పే జేఆర్‌ఓటీసీలో ఉన్నాడు. ఆ నల్ల బూట్లకు ఇప్పటికీ ప్రతి ఆదివారం పాలిష్ పెడతాడు. వాడికి తెలిసిన దేశం అదొక్కటే.

మామూలుగా పౌరులను, గ్రీన్ కార్డు ఉన్నవారినే చేర్చుకుంటారని తెలుసు. మావ్‌నీ అనే, గ్రీన్ కార్డు లేకున్నా అవసరమైన భాషలో వైద్యమో తెలిసిన విదేశీయులను సైన్యంలో చేర్చుకునే పథకంలో 2014 నుంచి డాకా (చిన్నప్పుడే వచ్చి కాగితాలు లేకుండా ఉన్నవారిని తాత్కాలికంగా పంపేయకుండా ఉంచే ఏర్పాటు) ఉన్న పిల్లలకూ అవకాశం ఇచ్చారు, 2016లో ఆపేశారు. డాకా రావాలంటే 2007 జూన్ 15కు ముందే అమెరికాలో ఉండాలి, కాబట్టి వీడికి అదీ లేదు. అయినా 18 నిండిన మగపిల్లలు, కాగితాలు లేనివారితో సహా, సెలెక్టివ్ సర్వీసులో, అంటే అవసరమైతే సైన్యానికి పిలిచేందుకు ఉంచే జాబితాలో, నమోదు కావాలి! అవసరమైతే పిలవడానికి పేరు కావాలి గాని, తానే వస్తానంటే వద్దనడం నాకు న్యాయంగా తోచడం లేదు.

సైన్యంలో చేరే ఫారంలో పౌరుడినని టిక్కు పెట్టమని వాడికి ఒక స్నేహితుడు చెప్పాడట. అబద్ధం తేలితే గ్రీన్ కార్డు ఆశ కూడా పోతుందని బతిమాలి ఆపాను.

రిక్రూటర్ దగ్గరకు వెళ్లి నిజం చెబితే ప్రమాదమా? సైన్యం, వలస చట్టాలు రెండూ తెలిసిన లాయర్‌ను ఎలా వెతకాలి? మావ్‌నీ ద్వారా చేరిన తెలుగువారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.