విరిగిన ఎముకకు డైక్లోఫెనాక్ పదిహేను రోజులు: అవసరమా, అడ్డమా? (ఒక చర్చావేదిక నుంచి; రాసినవాళ్లవి మారుపేర్లు)

కొండారెడ్డి బురుజు (కర్నూలు):

మా వైపు మందుల షాపులకు తరచూ వచ్చే చీటీ ఒకటి చెప్తా. బైకు మీద నుంచి పడి మోకాలి కింద టిబియా విరిగింది, సిమెంటు కట్టు వేశారు. రాసిన మందు: నొప్పి, వాపు తగ్గించే డైక్లోఫెనాక్ 50 మి.గ్రా., వాపుకని రాసే సెరాషియోపెప్టిడేజ్ 10 మి.గ్రా. కలిసిన బిళ్ల, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, పదిహేను రోజులు. అదే ఊళ్లో ఇంకో ఎముకల డాక్టరు అదే విరుపుకు ఒట్టి పారాసిటమాల్ 650 రాస్తాడు. ఎవరిది సరి?

నేను రెండో ఆయన వైపు. విరిగిన చోట గడ్డకట్టిన రక్తంలోనే అతుకు పని మొదలవుతుంది. గంటల్లో న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు వస్తాయి, రెండో మూడో రోజుకు మాక్రోఫేజ్‌లనే ఇంకో రకం రోగనిరోధక కణాలు. అవి వదిలే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6, ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే సంకేత పదార్థాలు పిలిస్తేనే ఎముకగా మారాల్సిన కణాలు అక్కడికి చేరేది. డైక్లోఫెనాక్ ఆపేది ఆ ప్రోస్టాగ్లాండిన్‌ను తయారుచేసే కాక్స్ ఎంజైమునే. కాక్స్-2 జన్యువు లేని ఎలుకల్లో ఎముక సరిగా అతకలేదని 2002లో రెండు వేర్వేరు ప్రయోగశాలలు చూపించాయి.

దీనికి తోడు జగదీప్ నంచహాల్ పని చూడండి. ఆయన చేతుల సర్జను, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నాడు. చర్మం చీలి ఎముక బయటపడ్డ టిబియా విరుపుల మీద కండను తెచ్చి కప్పితే, చర్మం-కొవ్వు పొరతో కప్పినదానికన్నా ఎముక బాగా అతుకుతుందని సర్జన్లకు అనుభవం. అది ఎందుకని ఆయన బృందం వెతికితే 2011లో తేలిందేమంటే, విరిగిన చోట పుట్టిన టీఎన్ఎఫ్ పక్క కండలోని కణాలను రప్పించి ఎముక కణాలుగా మారుస్తోంది. ఎలుకల్లో విరుపు దగ్గర తక్కువ మోతాదు టీఎన్ఎఫ్ వేస్తే అతుకు త్వరపడింది, దాన్ని అడ్డుకుంటే మందగించింది. అలాంటి పనిని పదిహేను రోజులు మందు పెట్టి అణచడం దేనికి?

పెన్నా ఒడ్డు (కడప):

బురుజన్నా, చెప్పిన శాస్త్రం తప్పు కాదు గానీ, అక్కడి నుంచి చీటీ మీదికి దూకినావు. పుట్టుకతోనే కాక్స్-2 లేని ఎలుక వేరు, పది రోజులు బిళ్ల మింగిన మనిషి వేరు. ఎలుక ఎముక మూడు నాలుగు వారాల్లో అతుకుతుంది, మనిషి టిబియాకు నాలుగైదు నెలలు పడుతుంది.

మనుషుల్లో చేసిన అధ్యయనాల్లో చాలావాటికి ఒక జబ్బుంది. పాత కేసు షీట్లు తిరగేసి 'నొప్పి బిళ్లలు ఎక్కువ వాడినవాళ్లకు ఎముక అతకలేదు' అంటారు. ఎముక అతకనివాడికి నొప్పి పోదు కాబట్టి వాడే ఎక్కువ మింగుతాడు. ఏది కారణం, ఏది ఫలితం?

ఈ గోల తక్కువగా ఉన్న అధ్యయనం 2003లో వచ్చింది. తుంటి గిన్నె విరిగి ఆపరేషన్ అయినవాళ్లకు కండలో అనవసర ఎముక పెరగకుండా కొందరికి రేడియేషన్, కొందరికి డైక్లోఫెనాక్ తెగకే చెందిన ఇండోమెథాసిన్ 25 మి.గ్రా. మూడు పూటలా ఆరు వారాలు ఇచ్చారు. వాళ్లలో చేతులు, కాళ్ల పొడవాటి ఎముకలు కూడా విరిగినవాళ్లను చూస్తే, ఇండోమెథాసిన్ వాడినవాళ్లలో 26 శాతానికి ఎముక అతకలేదు, వాడనివాళ్లలో 7 శాతానికి. తేడా పెద్దదే. కానీ అది ఆరు వారాల మందు. పిల్లల్లో కొద్ది రోజులు ఐబూప్రోఫెన్ ఇస్తే అతుకు ఆలస్యమైన దాఖలా లేదు.

ఇంకొకటి. పక్కటెముకలు విరిగినవాడికి నొప్పి తగ్గించకపోతే గట్టిగా దగ్గడు, ఊపిరి నిండా పీల్చడు, కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. డైక్లోఫెనాక్ బదులు ట్రమడాల్ అనే వేరే తెగ నొప్పి మందు ఇస్తే డెబ్బై ఏళ్ల పెద్దాయనకు వాంతులు, మలబద్ధకం, కళ్లు తిరగడం. రాత్రి లేచి మళ్లీ పడితే రెండో తుంటి.

టవర్ క్లాక్ (అనంతపురం):

మందుల షాపు కౌంటరు వైపు నుంచి నాలుగు మాటలు. మీరు జీవశాస్త్రం గురించి కొట్లాడుతున్నారు, ఇక్కడ అంతకన్నా ముందే తప్పులు జరుగుతున్నాయి.

డైక్లోఫెనాక్ రోజుకు 150 మి.గ్రా. దాటకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర 75 మి.గ్రా. సూది వేయించుకుని, పట్నంలో చీటీ ప్రకారం 50 మి.గ్రా. బిళ్ల మూడు పూటలా మింగితే ఆ రోజుకు 225. ఇంట్లో మిగిలిన ఇంకో కంపెనీ బిళ్ల, పేరు వేరు కాబట్టి వేరే మందనుకుని అదీ వేసుకుంటారు. అట్ట వెనక చిన్న అక్షరాల్లో చదివితే అదే డైక్లోఫెనాక్, లేదా అదే తెగకు చెందిన అసిక్లోఫెనాక్.

కిడ్నీ సంగతి. నెత్తురు పోయినప్పుడు, ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి పోయే సన్న నాళాలు తెరుచుకుని ఉండేది ప్రోస్టాగ్లాండిన్ల వల్లే. మే నెల అనంతపురం ఎండలో పొద్దంతా చేన్లో ఉండి, సాయంత్రం బండి మీద నుంచి పడి, తొడ ఎముక విరిగినవాడికి ఒక్క తొడలోనే లీటరు పైన రక్తం చేరుతుంది. అతనికి సెలైన్ కన్నా ముందు డైక్లో సూది వేయడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. బీపీకి ఎనలాప్రిల్ లాంటిదీ, ఉచ్చ బిళ్లా వాడేవాళ్లయితే మరీ.

సెరాషియోపెప్టిడేజ్ ఎందుకు రాస్తున్నారో నాకైతే అంతుపట్టదు. అది పుట్టిన జపాన్‌లోనే మళ్లీ పరీక్షిస్తే ఉత్తుత్తి బిళ్లకన్నా ఎక్కువ పని చేస్తుందని రుజువు కాక, 2011లో కంపెనీయే వెనక్కి తీసుకుంది. మన దగ్గర మాత్రం వాపు అనగానే అదే.

వేరుశెనగ చేను (కళ్యాణదుర్గం):

ఒక అనుమానం. ఆ నంచహాల్ సారే చేతి జబ్బుకు టీఎన్ఎఫ్ ఆపే ఇంజెక్షన్ మీద పని చేసినాడు గదా. ఎముకకేమో అది కావాలంటాడు, చేతికేమో వద్దంటాడు. ఏదో ఒకటి చెప్పాల గదప్పా.

గండికోట (కడప):

రెండూ నిజమే, మీ ప్రశ్నలోనే జవాబుంది. ఆ చేతి జబ్బు పేరు డుప్యుట్రెన్. అరచేతిలో గడ్డలు, తర్వాత తాళ్లలాంటి కణజాలం పెరిగి వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. మన దగ్గర అరుదు, ఉత్తర ఐరోపావాళ్లలో ఎక్కువ. ఆపరేషన్లో కోసి తీసిన గడ్డలను వాళ్లు పారేయకుండా ప్రయోగశాలకు తీసుకెళ్లారు. లోపలున్న రోగనిరోధక కణాలు టీఎన్ఎఫ్ వదులుతున్నాయనీ, అరచేతిలో పీచు కణజాలాన్ని తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలను అది ముడుచుకునే కణాలుగా మారుస్తోందనీ 2013లో చూపించారు. తర్వాత టీఎన్ఎఫ్‌ను ఆపే అడాలిముమాబ్ 40 మి.గ్రా. నేరుగా గడ్డలోకే, మూడు నెలలకొకసారి, నాలుగు సార్లు ఇచ్చి పరీక్షిస్తే గడ్డలు మెత్తబడ్డాయి, చిన్నవయ్యాయి. ఆ ఫలితం 2022లో వచ్చింది.

విరిగిన ఎముక దగ్గర టీఎన్ఎఫ్ మొదటి రోజు ఎగసి దిగిపోతుంది. డుప్యుట్రెన్‌లో ఏళ్ల తరబడి సన్నగా కారుతూనే ఉంటుంది. మొదటిది అతుకు, రెండోది మచ్చ. కాబట్టి 'ఇన్‌ఫ్లమేషన్ (దెబ్బకు ఒళ్లు వాపుతో స్పందించడం) మంచిదా చెడ్డదా' అని అడిగితే ఈ చర్చ వంద పేజీలు సాగినా తెగదు. ఎక్కడ, ఏ రోజున, ఎంత అని అడగండి.

బురుజు గారికి ఒక మందలింపు. వాపును ముట్టుకోవద్దు అనే మాట విని జనం కట్టు కింద కాలు ఉబ్బినా గమ్మున ఉంటారు. కట్టు సిమెంటుదైనా, కోడిగుడ్డు సొన రాసి వెదురు బద్దలతో బిగించిన నాటు కట్టైనా ఒకటే. కండలను చుట్టిన పొర లోపలి గదిలో (కంపార్ట్‌మెంట్) ఒత్తిడి పెరిగి, కింది బీపీ అంకెకూ దానికీ మధ్య తేడా 30 కన్నా తగ్గితే కండకు రక్తం అందదు. ఆరు గంటలు దాటితే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. మొదట కనిపించేవి: విరుపుకు మించిన నొప్పి, మందుకు లొంగని నొప్పి, కాలి వేలిని మనం మెల్లగా పైకి వంచితే ప్రాణం పోయేంత నొప్పి. నాడి అందుతోంది కదా అని ఊరుకోకూడదు, నాడి పోయేది చివర్లో. కట్టును కింది దూదితో సహా చర్మం దాకా నిలువునా పూర్తిగా చీల్చాలి, కాలును గుండె ఎత్తులో పెట్టాలి, అంతకన్నా పైకెత్తితే వచ్చే రక్తమూ తగ్గుతుంది. తగ్గకపోతే వెంటనే ఫేషియాటమీ, అంటే కండ చుట్టూ ఉన్న పొరను కోసి ఒత్తిడి వదిలించే ఆపరేషన్.

కొండారెడ్డి బురుజు:

కంపార్ట్‌మెంట్ విషయంలో గండికోట మేడమ్‌తో వాదన లేదు. అక్కడ కావాల్సింది కత్తి, డైక్లోఫెనాక్ దాన్ని తగ్గించదు. పైగా మందు మోతాదు ఎక్కువై నొప్పి తెలియకపోతే గుర్తించడమూ ఆలస్యమే.

పెన్నా ఒడ్డుకు ఒక ప్రశ్న. ఎలుకల్ని నమ్మొద్దంటావు, సరే. 2022లో నడుము నొప్పి మీద వచ్చిన పని మనుషులతోనే మొదలైంది. నొప్పి త్వరగా పోయినవాళ్ల రక్తంలో మొదట్లో న్యూట్రోఫిల్స్ బాగా చురుగ్గా ఉన్నాయి, నొప్పి దీర్ఘకాలం నిలిచినవాళ్లలో ఆ చురుకు లేదు. తర్వాత ఎలుకలకు డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే ఆ పూటకు నొప్పి తగ్గింది గానీ మొత్తం మీద ఎక్కువ రోజులు సాగింది. దీన్నేమంటావు?

పెన్నా ఒడ్డు:

నడుము పట్టేయడం వేరు, విరిగిన టిబియా వేరు అంటాను. అందులోనూ మనుషుల్లో మందు వాడకానికీ, నిలిచిపోయిన నొప్పికీ సంబంధం చూపినది పాత రికార్డుల నుంచే. నేను పైన చెప్పిన జబ్బు దానికీ ఉంది.

నీకు బలం కావాలంటే డెక్సా గురించి మాట్లాడు, నేనూ తోడొస్తా. తలకు దెబ్బ తగిలితే మెదడు వాపు తగ్గాలని ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు ఇచ్చారు. వాపు చెడ్డది, స్టెరాయిడ్ వాపు తగ్గిస్తుంది కాబట్టి మంచిది అనే లెక్క. క్రాష్ ట్రయల్‌లో 10,008 మందిని చేర్చి చూస్తే, స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో 21.1 శాతం, ఇవ్వనివాళ్లలో 17.9 శాతం రెండు వారాల్లోపు చనిపోయారు. ఆ ఫలితం 2004లో వచ్చింది. ఇప్పటికీ పల్లెల్లో దెబ్బ తగిలి వైద్యానికి పోతే డెక్సా, డైక్లో రెండూ కలిపి ఒకే సిరంజిలో ఎక్కిస్తున్నారు. షుగరు ఉన్నవాడికైతే చక్కెర పైకెగసి పుండులో చీము.

ఎలుకల మీద నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. పెద్ద దెబ్బలు, కాలిన గాయాలు తగిలిన మనుషుల రక్తంలో జన్యువుల కదలికను ఎలుకలతో పోల్చి అసలు పోలికే లేదని 2013లో ఒక బృందం తేల్చింది. 2014లో జపాన్‌వాళ్లు అదే డేటాను ఇంకో పద్ధతిలో లెక్కగట్టి పోలిక బ్రహ్మాండంగా ఉందన్నారు. ఒకే అంకెల నుంచి రెండు తీర్పులు. అందుకే మనిషి మీద సరైన ట్రయల్ లేకుండా చీటీ మార్చనంటాను.

టవర్ క్లాక్:

మీ ఇద్దరికీ ఒక మాట. పొగతాగేవాళ్లలో ఎముక అతకకపోయే అవకాశం ఇంచుమించు రెట్టింపు. దానికి ఎలుకల తగాదా కూడా లేదు. చీటీలో డైక్లో కొట్టేసి, మంచం కింద బీడీ కట్టను వదిలేస్తే బురుజన్న గెలిచినా రోగి గెలవడు.

వేరుశెనగ చేను:

ఇంగ తేల్చండి సామీ. మా చిన్నాయనకు మోచేతి కింద రెండు ఎముకలూ విరిగినాయి. ప్లేటేసి ఇంటికి పంపినారు. చీటీలో డైక్లో, సెరాషియో పదిహేను రోజులకు రాసుండాది. కొనల్నా వద్దా?

గండికోట:

ఆపరేషన్ చేసిన డాక్టరునే అడగండి, అడగాల్సినవి ఇవి. పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి చొప్పున గడియారం చూసి వేసుకోవచ్చా? అప్పుడు రోజుకు 2,600 మి.గ్రా. అవుతుంది. లివరు జబ్బు, రోజూ తాగుడు ఉంటే ముందే చెప్పాలి. అది చాలని రోజున మాత్రమే డైక్లోఫెనాక్, మూడు నుంచి అయిదు రోజులకు మించకుండా, అన్నం తిన్నాక వేసుకుంటే సరిపోతుందా? సెరాషియో తీసేయవచ్చా? కడుపులో పుండు, కిడ్నీ, గుండె జబ్బు, బీపీ మందులు ఉంటే డైక్లో ఊసెత్తకముందే చెప్పండి.

కొండారెడ్డి బురుజు:

అయిదు రోజులకు నేనూ ఒప్పుకుంటా. ఆరో రోజుకు ఒప్పుకోను.

పెన్నా ఒడ్డు:

ఆరో రోజు నొప్పి తగ్గకపోతే బిళ్ల గురించి కొట్లాడకుండా ఎక్స్‌రే తీయించాలి, ప్లేటు కదిలిందేమో, లోపల చీము పట్టిందేమో చూడాలి. చిన్నాయన వేళ్లు ఆడిస్తున్నాడా, వేరుశెనగా? రేపటి నుంచి గంటకోసారి పిడికిలి బిగించి తెరవమను.