వేరే దేశం నుంచి దత్తతకు వస్తున్న 11 నెలల బాబు: మొదటి వారం ఎలా గడిచింది మీకు?

ప్రశ్న

నమస్తే అండి. మూడేళ్ల నుంచి నడుస్తున్న మా దత్తత చివరి మెట్టుకు వచ్చింది. వేరే దేశంలో ఒక శిశు సంరక్షణ కేంద్రంలో ఉన్న 11 నెలల బాబును మాకు ఖాయం చేశారు. హోమ్ స్టడీ (సోషల్ వర్కర్ ఇంటికొచ్చి మేం బిడ్డను పెంచగలమో లేదో చూసి ఇచ్చే నివేదిక), మెడికల్ రిపోర్టులు, పోలీస్ క్లియరెన్స్ ఎప్పుడో అయిపోయాయి. రెండు దేశాల అధికారులూ ఒప్పుకున్నారు. ఇంకో ఐదు వారాల్లో వెళ్లి తెచ్చుకోవాలి.

కాగితాల సంగతి ఏజెన్సీ చూసుకుంటోంది. నా టెన్షన్ అంతా ఆ తర్వాతి రోజుల గురించి. మా దగ్గరున్నది నాలుగు ఫొటోలు, 40 సెకన్ల వీడియో ఒకటి. రాత్రిళ్లు అదే చూస్తూ కూర్చుంటున్నాను. వాడు పుట్టి ఇప్పటిదాకా వినని భాషలో నేను పిలిస్తే భయపడడా? నా దగ్గరికి రాకపోతే ఏం చేయాలి? మా అత్తగారు "పసివాడేగా, నాలుగు రోజుల్లో అన్నీ మర్చిపోతాడు" అని ధైర్యం చెబుతున్నారు. నిజంగా అంతేనా? ఇలా తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే మీకు ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

జవాబు 1 (ఆరేళ్ల క్రితం పాపను తెచ్చుకున్న అమ్మ)

మీ అత్తగారు ప్రేమతోనే అని ఉంటారు. కానీ పిల్లలు మర్చిపోరండి. చెప్పలేరు, అంతే. నాకు ఇది తెలిసేసరికి ఆలస్యమైంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఏ దేశమో మాత్రం రాయను. అది మా పాప కథ, చెప్పాలో వద్దో పెద్దయ్యాక తనే చూసుకుంటుంది.

పాప ఫొటో మొదటిసారి చూసేటప్పటికి తనకు 9 నెలలు, ఎత్తుకునేటప్పటికి 13. మధ్యలో నాలుగు నెలలు కాగితాలకే పోయాయి. అప్పుడు ఆ ఆలస్యం మీద చాలా కోపం వచ్చేది. తర్వాత, ఒక దేశం నుంచి ఇంకో దేశానికి జరిగే దత్తతల మీద చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం, 1993 హేగ్ ఒప్పందం, కూర్చుని చదివాను. బిడ్డకు సొంత దేశంలో కుటుంబం దొరుకుతుందేమో ముందు చూడాలి, తల్లి ఒప్పుకోలు బిడ్డ పుట్టాకే తీసుకోవాలి, దానికోసం ఆమెకు డబ్బు ఆశ చూపకూడదు. ఇవన్నీ ఎందుకు రాశారో అర్థమయ్యాక ఆ నాలుగు నెలలూ నా పాప కన్నతల్లికి దక్కాల్సినవే అనిపించింది.

ఇక ఆ రోజు సంగతి. ఆయమ్మ పాపను పసుపుపచ్చ గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. పాప ఏడవలేదు. కారులో ఏడవలేదు, హోటల్ గదిలో ఏడవలేదు. ఆకలేసినా సరే, పైకప్పు చూస్తూ పడుకుని ఉండేది. "ఎంత బుద్ధిమంతురాలో!" అని మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే బాధేస్తుంది. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం ఉంటేనే పిల్లలు ఏడుస్తారు. ఇరవై మంది పిల్లలకు ఇద్దరు ఆయమ్మలు ఉన్న చోట ఏ పిల్ల ఏడుపుకని పరుగెత్తుతారు? ఇంటికొచ్చిన రెండో నెలలో ఓ రోజు నేను పక్క గదిలోకి వెళ్లగానే పాప గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేను, మా ఆయన ఇద్దరం కళ్లనీళ్లు పెట్టుకున్నాం.

పగలు ఏడవదు సరే, రాత్రి నిద్రా పోదు. వీపు నిమిరాను, భుజాన వేసుకుని తిరిగాను, నాకొచ్చిన జోలపాటలన్నీ పాడాను. కళ్లు ఇంతింత చేసుకుని చూస్తూ ఉండేది. మూడో రాత్రి రెండు గంటలప్పుడు మా ఆయన, పాపను మాకు అప్పగించినప్పుడు గుర్తుకోసం తీసిన వీడియో ఊరికే పెట్టుకుని చూస్తున్నారు. ఉన్నట్టుండి "ఆవిడ చెయ్యి చూడు" అన్నారు. ఆయమ్మ వీపు నిమరడం లేదు. పాపను నిలువుగా గుండెకు ఆనించుకుని, నడుం కింద రెండుసార్లు గబగబా, ఒకసారి నెమ్మదిగా తడుతోంది. ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి ఊగుతూ "ష్‌మ్, ష్‌మ్" అని ముక్కుతో అంటోంది. నేను లేచి అచ్చం అలాగే చేశాను. పాప తల నా మెడ దగ్గర పెట్టింది. పది నిమిషాల్లో నిద్రపోయింది. మర్నాడు దుబాసీని అడిగితే ఆ శబ్దానికి వాళ్ల భాషలో అర్థమేమీ లేదన్నారు, మనం జోజో అన్నట్టు. పాపకు మటుకు అప్పటిదాకా నిద్ర అంటే అదే.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. ఆ పసుపు గుడ్డ మాసి ఉందని మొదటి రోజే సబ్బుతో ఉతికేశాను. ఆరాక పాపకిస్తే ఒకసారి మొహానికి ఆనించుకుని పక్కకు తోసేసింది. మళ్లీ ఎప్పుడూ ముట్టుకోలేదు. తనకు తెలిసిన వాసన ఆ ఒక్క గుడ్డలోనే మిగిలి ఉంది, దాన్నీ నేనే కడిగేశాను. బాబుతో వచ్చిన ఏ గుడ్డనూ ఉతక్కండి.

పాలసీసా కూడా అంతే. మేం కొత్తది, మంచిది పట్టుకెళ్లాం. నోట్లో పెట్టగానే మొహం తిప్పేసుకునేది. అక్కడి సీసాల పీకలకు రంధ్రం పెద్దగా కోసి ఉంచుతారట, త్వరగా తాగేస్తారని. పాప రెండు నిమిషాల్లో సీసా ఖాళీ చేయడానికి అలవాటు పడింది. అక్కడి సీసా ఒకటి అడిగి తెచ్చుకుని, నెల రోజుల మీద మెల్లగా మార్చాం. ప్రతిసారీ ఒళ్లో పెట్టుకుని, కళ్లలోకి చూస్తూ పట్టాను. పేరు కూడా ఒక్కసారిగా మార్చలేదు. ఆరు నెలలు పాత పేరుతోనే పిలిచాం, తర్వాత రెండూ కలిపి. ఇప్పటికీ రికార్డుల్లో రెండూ ఉన్నాయి.

ఇంటికొచ్చిన రోజు చుట్టాలు పద్దెనిమిది మంది ఎదురొచ్చారు. పాప అందరి చంకా ఎక్కింది, అందరికీ నవ్వింది. "అసలు కొత్తే లేదు!" అని అందరూ సంబరపడ్డారు. పరామర్శకు వచ్చిన సోషల్ వర్కర్ మాత్రం మెల్లగా చెప్పారు, ఎవరి దగ్గరికైనా వెళ్లడమంటే తనవాళ్లెవరో ఇంకా తెలియలేదని. ఆ రోజు నుంచి రెండు నెలలు పాలు పట్టడం, స్నానం, నిద్రపుచ్చడం నేనూ మా ఆయనే. మా అత్తయ్యకు అది చెప్పడం నాకు కష్టంగా అనిపించింది. "అత్తయ్యా, పక్కనే కూర్చోండి, ఎంతసేపైనా ఆడించండి, ఎత్తుకోవడం ఒక్కటి ఆగండి" అన్నాను. నొచ్చుకున్నారు. అయినా మాట నిలబెట్టారు. మూడో నెలలో పాపే పాక్కుంటూ వెళ్లి ఆవిడ ఒళ్లో కూర్చుంది.

"ఎంత పుణ్యం చేశారమ్మా" అంటారు చాలామంది, పాప ముందే. వెంటనే ఆపండి. బిడ్డ కావాలని మేం వెళ్లాం. తన ఊరు, తన భాష, ఆయమ్మ చేతి వాసన అన్నీ పోగొట్టుకుని వచ్చింది తను. దాన్ని ఉపకారం అంటే పాప జన్మంతా మాకు రుణపడినట్టు బతకాలి.

జవాబు 2 (పిల్లల డాక్టర్)

అక్కడి రిపోర్టులు ఉన్నా, వచ్చిన రెండు వారాల్లోపు మళ్లీ పరీక్షలు చేయించండి. హెపటైటిస్ బి, హెచ్‌ఐవి, సిఫిలిస్, క్షయ, రక్తహీనత, థైరాయిడ్, కడుపులో పరాన్నజీవులు, చూపు, వినికిడి, అన్నీ. కొన్ని పరీక్షలు కొన్ని నెలల తర్వాత ఇంకోసారి చేయాల్సి ఉంటుంది. టీకాల కార్డు మీద అనుమానం ఉంటే యాంటీబాడీ పరీక్ష (ఆ జబ్బుకు ఒంట్లో రక్షణ ఉందో లేదో చూసే రక్తపరీక్ష) చేయించవచ్చు, లేదా టీకాలు మళ్లీ వేయించవచ్చు.

బరువు, పొడవు తక్కువున్నాయని హడలిపోకండి. సంస్థల్లో గడిచిన ప్రతి మూడు నెలలకు ఎదుగుదల సుమారు ఒక నెల వెనకబడుతుందని ఈ పిల్లల్ని చూసే వైద్యులు ఉజ్జాయింపుగా లెక్క వేస్తారు. కుటుంబంలోకి వచ్చాక చాలామంది వేగంగా పుంజుకుంటారు. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో అనాథాశ్రమాల పిల్లల మీద 2000 ప్రాంతంలో మొదలైన పరిశోధనలో, రెండేళ్ల లోపు కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల్లో పెంచినవాళ్లతో బంధం మెరుగ్గా కుదిరింది. మీ వాడికి ఇంకా ఏడాది కూడా నిండలేదు.

జవాబు 3 (దత్తతకు వచ్చిన బిడ్డను, ఇప్పుడు 34 ఏళ్లు)

అక్కా, నేను తెలుగింట పెరిగాను. నా మొహం చూసినవాళ్లు నేను తెలుగు మాట్లాడగానే ఒక్క క్షణం ఆగిపోతారు. "అసలు ఎక్కడివాడివి?" అని చిన్నప్పటి నుంచి అడుగుతూనే ఉన్నారు. మా అమ్మానాన్న నా దగ్గర ఏదీ దాచలేదు కాబట్టి ఆ ప్రశ్న నన్ను పడగొట్టలేదు. దత్తత అన్న మాట నేను ఎప్పుడు మొదట విన్నానో నాకే గుర్తులేదు. అంత చిన్నప్పటి నుంచి చెప్పారు. బాబుకు మీరూ అలాగే చెప్పండి, వాడికి అర్థం కాని వయసు నుంచే.

నా ఫైల్లో కన్నతల్లి గురించి మూడు వాక్యాలున్నాయి. అవి ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు. బిడ్డ మూలాల వివరాలు భద్రపరచాలని హేగ్ ఒప్పందం 30వ అధికరణం చెబుతుంది. అక్కడున్నప్పుడే ప్రతి కాగితానికీ నకలు అడగండి. కేంద్రం గేటు, వాడు పడుకున్న ఉయ్యాల, ఆయమ్మలు, అన్నీ ఫొటో తీయండి.

ఇంకొకటి. పౌరసత్వం పని రేపు చూద్దామని వదిలేయకండి. అమెరికాలో, వేరే దేశాల నుంచి దత్తతకు వచ్చిన పిల్లలకు దానంతటదే పౌరసత్వం వచ్చేలా చేసిన 2000 నాటి చట్టం, 2001 ఫిబ్రవరి 27 నాటికి 18 ఏళ్లు నిండని దత్తత పిల్లలకే వర్తించింది. అప్పటికే 18 దాటి, తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టకుండా వదిలేసినవాళ్లలో కొందరిని నడివయసులో దేశం నుంచి పంపేశారు. మీరు ఏ దేశంలో ఉన్నా ఆ కాగితం చేతికొచ్చేదాకా వదలకండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ దండాలండి. మొదటి జవాబు మా అత్తగారికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ వీడియో ఇంకోసారి పెట్టు" అన్నారు. ఇద్దరం 40 సెకన్లూ చూశాం. అందులో ఆయమ్మ చెయ్యి కనిపించడం లేదు. ఇందాకే ఏజెన్సీకి రాశాను, వాడిని నిద్రపుచ్చేటప్పుడు ఒక వీడియో తీసి పంపమని, వాడు తాగే సీసా ఒకటి, కప్పుకునే గుడ్డ ఉతక్కుండా మాకు ఇమ్మని. జవాబు రాగానే ఇక్కడ చెబుతాను.