వరద తగ్గింది. సాయం చేసేవాళ్లనీ సాయం కావాల్సినవాళ్లనీ కలిపేదెలా?

వంతెన_పక్క_వీధి అడిగారు:
మా చుట్టుపక్కల సుమారు 300 ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఇప్పుడు చాలావరకు తీసేశాయి. వాట్సాప్ గ్రూపులో "ఏం చేయమంటారో చెప్పండి" అంటున్నవాళ్లు 60 మంది దాకా ఉన్నారు. అయినా ఒకే ఇంటికి మూడు జట్లు వెళ్తున్నాయి, పక్క సందులోకి ఒక్కరూ వెళ్లలేదు. నిన్న తీరిపోయిన అవసరం ఇవాళ కూడా ఫార్వర్డు అవుతూనే ఉంది. ఏదైనా యాప్ పెట్టుకోవాలా? ముందు దేనితో మొదలుపెట్టాలి?

జాబితా_మనిషి:
యాప్ వద్దండీ. దాన్ని అందరికీ నేర్పేలోపు పని చేయాల్సిన రోజులు గడిచిపోతాయి. ఒక ఫోన్ నంబరు, ఒక షీటు, ఆ షీటు బాధ్యత మోసే ఒక మనిషి ఉంటే చాలు. గ్రూపులో పెట్టిన విన్నపం అందరిదీ అవుతుంది, అందుకే ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇవాళే గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ మెసేజీ పెట్టకుండా సెట్టింగు మార్చండి. సాయం కావాల్సినవాళ్లు ఫలానా నంబరుకి ఫోన్ చేయాలని రాసి, తేదీ, సమయం వేయండి. ఇకపై పెట్టే ప్రతి మెసేజీకీ అవి తప్పనిసరి. పాత ఫార్వర్డు పాతదని తెలియడానికి వేరే దారి లేదు. ఎవరి సొంత నంబరూ ఇవ్వొద్దు, విడిగా సిమ్ తీసుకోండి. ఫోన్ దగ్గర నాలుగు గంటలకొకరు మారాలి. ఫోన్ ఎత్తేవాళ్లు వివరాలు రాసుకోవాలి తప్ప "గంటలో వస్తారు" అని మాట ఇవ్వకూడదు. జట్లను పంపే పని ఇంకొకరిది.

షీటులో ఇంటికో వరుస కాదు, అవసరానికో వరుస ఉండాలి. అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. "భోజనం, బురద ఎత్తాలి, మందులు" అని ఒకే వరుసలో రాస్తే, భోజనం అందగానే ఎవరో "అయిపోయింది" అని పెట్టేస్తారు. మిగతా రెండూ ఆ వరుసతోపాటే మాయమవుతాయి. ప్రతి వరుసకీ ఒక సంఖ్య ఇవ్వండి. వరుసలో పేరు, ఫోను, ఇల్లు గుర్తుపట్టే ఆనవాలు, అవసరం, ఎవరికి అప్పగించారు, ఎప్పుడు అప్పగించారు, ఇప్పుడు ఏ దశలో ఉంది అనేవి రాస్తే సరిపోతుంది. కొత్త ఫోన్ రాగానే అదే నంబరు షీటులో ఇప్పటికే ఉందేమో వెతకండి. ఒకే ఇంటికి మూడు జట్లు వెళ్లడం దానితోనే చాలావరకు ఆగుతుంది.

అడిగే తీరు కూడా ముఖ్యం. "ఇంకేమైనా కావాలా?" అంటే చాలామంది మొహమాటపడి "ఏం వద్దు బాబూ" అంటారు. రాత్రి ఎక్కడ పడుకున్నారు, తాగే నీళ్లు ఎన్ని ఉన్నాయి, రోజూ వేసుకునే మందులు ఇంకా ఎన్ని రోజులకి వస్తాయి, మంచాన ఉన్నవాళ్లు గానీ పసిపిల్లలు గానీ ఉన్నారా అని విడివిడిగా అడగండి. అద్దె ఇల్లయితే యజమాని నంబరు కూడా తీసుకోండి. తడిసిన తలుపులూ అలమారాలూ ఊడదీయాలంటే ఆయన ఒప్పుకోవాలి.

ప్రాణాపాయం ఉన్నవి వాలంటీర్లకి అప్పగించకండి, నేరుగా అత్యవసర సేవలకి చెప్పండి. ఇన్సులిన్, పాలపొడి, తాగునీరు లాంటివి ఆ రోజే అందాలి. బురద, సామాను మోయడం తర్వాతి వరసలో వస్తాయి. అప్పగించిన ఆరు గంటల్లో కబురు రాకపోతే ఆ వరుసని మళ్లీ ఖాళీగా చూపించండి. "అయిపోయింది" అని వాలంటీరు చెబితే మూయకండి. ఆ ఇంటికి ఫోన్ చేసి, వాళ్లు అవునంటేనే మూయండి.

సందు_చివర:
పైన చెప్పినదంతా ఫోన్ చేయగలిగినవాళ్లకి పనికొస్తుంది. చార్జింగ్ లేనివాళ్లు, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు, ఈ మధ్యే అద్దెకి దిగి ఎవరూ తెలియనివాళ్లు ఫోన్ చేయరు. అందుకే సందులవారీగా 25, 30 ఇళ్లకి ఒకరిని బాధ్యులుగా పెట్టండి, ఆ సందులోనే ఉండేవాళ్లయితే మంచిది. ఇద్దరిద్దరుగా, కాగితం పట్టుకుని ప్రతి తలుపూ తట్టాలి. తాళం వేసున్న ఇళ్లు కూడా రాసుకుని సాయంత్రం మళ్లీ చూడాలి. బంధువుల ఇళ్లకి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి తలుపు తీసినప్పుడే వాళ్ల అవసరం మొదలవుతుంది.

ఇంకో మాట. పూర్తి షీటు లింకు ఎక్కడా పెట్టకండి. ఏ ఇంట్లో పెద్దావిడ ఒక్కరే ఉంటున్నారో, ఏ ఇల్లు ఖాళీగా ఉందో ఊరందరికీ చెప్పినట్టవుతుంది. జట్టుకి దాని పనికి సంబంధించిన వరుస మాత్రమే పంపండి.

వంతెన_పక్క_వీధి:
చాలా థాంక్సండీ. అడ్మిన్ సెట్టింగు మార్చేశాం. ఎక్కువ విన్నపాలు బురద ఎత్తడానికే వస్తున్నాయి. అనుభవం లేని పిల్లలు కూడా వస్తామంటున్నారు. పంపొచ్చా?

పార_తట్ట:
పంపొచ్చు, ఒంటరిగా మాత్రం కాదు. ఇంటికి నలుగురైదుగురు, వాళ్లలో ఒకరు పెద్ద. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ పేర్లు రాసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకి ఫోన్లు, ప్యాకింగు, సామాను పంపకం అప్పగించండి.

మెయిన్ స్విచ్ ఆపి ఉందని ఇంటివాళ్లు ఫోన్‌లో చెప్పాకే జట్టు బయలుదేరాలి. తడిలో నిలబడి స్విచ్ ముట్టకూడదు. స్విచ్ దాకా వెళ్లడానికి నీళ్లలో దిగాల్సి వస్తే ఎలక్ట్రీషియన్ వచ్చేవరకు ఆగండి. అందరికీ గమ్ బూట్లు, మందపాటి రబ్బరు గ్లవుజులు ఉండాలి. పొడి బురద ఊడ్చేటప్పుడూ బూజు ఉన్నచోటా ఎన్-95 మాస్కు కావాలి. వరద నీళ్లలో ఎలుక మూత్రం కలుస్తుంది, కాళ్ల మీద పుండ్లు ఉన్నవాళ్లకి ఎలుక జ్వరం రావచ్చు. వాళ్లకి బయటి పని ఇవ్వండి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో పేరు రాసుకునేటప్పుడే అడగండి.

మొదటి పార వేయకముందే ఫోటోలు తీయాలి: ప్రతి గది, గోడ మీద నీటి గీత, పాడైన ప్రతి వస్తువు. పరిహారానికో బీమాకో అవే ఆధారం. ఉత్సాహం కొద్దీ ముందే బయట పారేస్తే ఇంటివాళ్లు నష్టపోతారు. ఏది పారేయాలో వాళ్లే చెప్పాలి. తడిసిన కాగితాలు, ఫోటోలు విడిగా ఒక తొట్టిలో పెట్టి వాళ్ల చేతికే ఇవ్వండి.

సెల్లార్‌లో నీళ్లుంటే ఒక్కసారిగా తోడేయకండి. బయట నేల ఇంకా నీళ్లు పీల్చుకుని ఉంటుంది. లోపల నీళ్లు పోతే ఆ ఒత్తిడంతా గోడల మీద పడి అవి లోపలికి కూలవచ్చు. రోజుకి మూడో వంతు చొప్పున తోడండి. పెట్రోలు మోటారైనా జనరేటరైనా ఇంట్లో గానీ సెల్లార్‌లో గానీ నడపకూడదు. ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, తలుపులకీ కిటికీలకీ ఎదురుగా లేకుండా పెట్టాలి. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

బురద ఎత్తి, సబ్బు నీళ్లతో కడిగి, ఆ తర్వాతే బ్లీచ్ వాడండి. బురద మీద పోస్తే దాని బలమంతా అక్కడే పోతుంది. ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ అయితే లీటరు నీళ్లకి 60 మి.లీ. దాకా చాలు. బాత్రూం కడిగే ఆసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే బూజు పట్టడం మొదలవుతుంది కాబట్టి, కడిగాక కిటికీలన్నీ తీసి పెట్టమనండి.

జాబితా_మనిషి:
ఒక్కటి కలుపుతాను. మొదటి మూడు రోజులు అవసరానికి మించి వాలంటీర్లు వస్తారు, వారం తిరిగేసరికి చాలామంది ఉద్యోగాలకి వెళ్లిపోతారు. అందుకని పేరు రాసుకునేటప్పుడే "వచ్చే శని, ఆదివారాల్లో వీలవుతుందా?" అని అడిగి ఒక గడిలో పెట్టుకోండి. సున్నం వేయడం, తలుపులు బిగించడం లాంటివి గోడలు ఆరాక గానీ మొదలుకావు. అన్ని వరుసలూ మూశాక ఫోన్ నంబర్లు, ఆరోగ్య వివరాలు షీటులోంచి చెరిపేయండి, జట్ల ఫోన్లలో ఉన్నవి కూడా తీసేయమనండి.