సమస్య: ఒక్క చెంప మీద నుండుఁ గనులు

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, ముందరి మూడు పాదాలూ మీరు రాయాలి. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన పొత్తు) ఒ–ఉ. సముద్రం అడుగున బతికే చేపతోనే పూరించాలి. ఛందస్సు ఎంత ముఖ్యమో, చేప సంగతి నిజం కావడమూ అంతే ముఖ్యం.

కొత్త సభ్యుడు:

పుట్టినట్టి నాఁడె పొరలుచు నిసుకలో
నాల్కవోలె నంటు నేలఁ జేప
పైకిఁ జూడవలయుఁ బగవాని రాకను
ఒక్క చెంప మీద నుండుఁ గనులు

నిర్వాహకుడు: మూడో పాదం చాలా నచ్చింది. రెండు కళ్లూ పైకే ఎందుకుండాలో కారణం చెప్పారు, సమస్య అక్కడే విడిపోయింది. రెండో పాదంలో మాత్రం నా–నే యతి కుదరలేదు. "నేలనంటి యుండు నీటినాల్క" అంటే సరిపోతుంది.

భీమిలి సభ్యురాలు: మొదటి పాదం మీద నా అభ్యంతరం. నాలుకలా బల్లపరుపుగా ఉండే ఈ నాలుక చేప పుట్టిన నాడే ఇసుకలో ఉండదండీ. గుడ్డులోంచి వచ్చిన పిల్ల అన్ని చేపల్లాగే నిలువుగా ఈదుతుంది, కళ్లు ఇటొకటి అటొకటి ఉంటాయి. పెరుగుతుండగా ఒక కన్ను నెత్తి మీదుగా రెండో వైపుకు జరుగుతుంది. ఆ తర్వాతే అడుగుకు దిగి, కన్నులేని చెంప కిందికి పెట్టి పడుకుంటుంది. రెక్కలతో ఇసుక చిమ్మి ఒళ్లంతా కప్పుకుని కళ్లు మాత్రం బయట ఉంచుతుంది. పై చెంప ఇసుక రంగులో ఉంటుంది, కింది చెంప తెల్లగా పాలిపోయి ఉంటుంది. సముద్రం అడుగున ఈడ్చే ట్రాల్ వలలో పడ్డ నాలుక చేపను తిరగేసి చూస్తే తెలుస్తుంది. నా పూరణ:

ఇటును నటునుఁ గన్ను లిరువైపులం గల్గి
కొన్ని దినము లీఁది కూనచేప
నేల వాలు వేళ నెమ్మదిఁ గన్నేఁగు
ఒక్క చెంప మీద నుండుఁ గనులు

నిర్వాహకుడు: యతులన్నీ కుదిరాయి. కానీ ఏ కన్ను కదిలిందో చెప్పలేదు. అసలు వింత అదే కదా!

భీమిలి సభ్యురాలు: నిజమే. నాలుక చేపల్లో కళ్లు ఎడమ చెంప మీదే ఉంటాయి, అంటే కదిలేది కుడికన్ను. మూడో పాదం మారుస్తున్నాను:

క్రుంగి నేల వాలఁ గుడికన్ను నడచును

కొత్త సభ్యుడు: "నడచును" అన్న మాటకు పద్యం బతికింది. నాదీ సవరించాను:

పెరిగి దిగిన పిదపఁ బెదరుచు నిసుకలో
నేలనంటి యుండు నీటినాల్క

ఇంకో సందేహం. అన్ని బల్లపరుపు చేపలకూ ఈ పాదం అతుకుతుందా?

భీమిలి సభ్యురాలు: ఇండియన్ హాలిబట్ అనే బల్లపరుపు చేపకు అతకదు. దాని జరిగే కన్ను నెత్తి అంచు దగ్గరే ఆగిపోతుంది. అందుకే నా పద్యం నాలుక చేపకే.