'పరకాయ ప్రవేశం' క్వాంటమ్ వ్యాసంలో వాడవచ్చా?

ప్రశ్న: అతివాహక (సూపర్‌కండక్టింగ్) క్వాంటమ్ కంప్యూటర్లను కాంతిని మోసే ఫైబర్‌తో కలపడం గురించి వ్యాసం రాస్తున్నాను. మైక్రోవేవ్‌లో ఉన్న క్వాంటమ్ స్థితిని కాంతిలోకి పంపే ట్రాన్స్‌డ్యూసర్ పనిని 'పరకాయ ప్రవేశం' అన్నాను. సైన్సులో ఆ మాటేమిటి, 'అనువాదం' అని రాయి అంటున్నాడు మా మిత్రుడు. మీరేమంటారు మాస్టారూ?

జవాబు: మార్చకండి. అనువాదం అయ్యాక మూలం ఎక్కడికీ పోదు, రెండు భాషల్లోనూ ఉంటుంది. క్వాంటమ్ స్థితికి ఆ వీలు లేదు. తెలియని స్థితికి నకలు తీయలేమని 1982లోనే నిరూపణ అయింది. అది కాంతిలోకి చేరిందంటే పాత చోటు ఖాళీ కావాల్సిందే. అమరుక రాజు దేహంలోకి శంకరాచార్యులు వెళ్లిన కథ గుర్తుందా? ఆయన సొంత శరీరం చైతన్యం లేకుండా పడి ఉంటే శిష్యులు కాపలా కాశారు. పతంజలి యోగసూత్రాల్లో దీనికి 'పరశరీరావేశం' అని పేరు. ఇక్కడి కాయ సంస్కృతపు కాయ, అంటే శరీరం. (నటుల మీద తెగ వాడేసి ఈ మాట పస తగ్గించాం. అది బాధే.)

అసలు శరీరం ఎందుకు మారాలో మాత్రం తప్పకుండా చెప్పండి. అతివాహక క్యూబిట్లు (క్వాంటమ్ కంప్యూటర్ సమాచారాన్ని దాచే మూల ఘటకాలు) 10–20 మిల్లీకెల్విన్ల చలిలో, అంటే పరమశూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరలో, 5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల మైక్రోవేవ్‌తో పనిచేస్తాయి. అలాంటి మైక్రోవేవ్ ఫోటాన్‌ను (కాంతి, మైక్రోవేవ్‌ల అతి చిన్న పొట్లం) ఒక్కదాన్ని మామూలు గది వేడిలో ఉన్న తీగలోకి వదిలితే, వేడికి పుట్టిన ఫోటాన్లే అక్కడ వెయ్యికి పైగా ఉంటాయి. ఇక మనది ఏదో ఎలా తెలుస్తుంది? 2023లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ ఈటీహెచ్ విశ్వవిద్యాలయం వాళ్లు రెండు క్యూబిట్లను 30 మీటర్ల దూరంలో కలపడానికి మధ్య గొట్టాన్నంతా పరమశూన్య ఉష్ణోగ్రత దగ్గరికి చల్లబరచాల్సి వచ్చింది. ఊళ్లు దాటాలంటే ఫైబర్‌లో నడిచే 1550 నానోమీటర్ల కాంతే దిక్కు. దాని పౌనఃపున్యం దాదాపు 39 వేల రెట్లు ఎక్కువ.

ఇంకొకరు: 'ప్రవేశం' అంటే పని పూర్తయినట్టు వినిపిస్తుందండీ. పరికరాలు అంతదాకా వచ్చాయా?

జవాబు: మంచి అభ్యంతరం. 2018లో కొలరాడోలోని బౌల్డర్ పరిశోధకులు సిలికాన్ నైట్రైడ్ పల్చటి పొర ఒకటి తీసుకున్నారు. అది ఒకేసారి అతివాహక వలయంలోనూ, అద్దాల మధ్య తిరిగే లేజరు కాంతిలోనూ భాగం. పొర అదురు ద్వారా సంకేతం ఇటు నుంచి అటు దాటుతుంది. దాటింది 47 శాతం, సగానికి పైగా దారిలోనే పోయింది. పైగా 38 ఫోటాన్లంత రొద (అనవసర సంకేతం) కలిసింది. ఒక్క ఫోటాన్‌ను నమ్ముకున్న పనికి ఆ రొద ఒకటి కన్నా బాగా తగ్గాలి. 2020లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయం వాళ్లు నిజమైన క్యూబిట్ నుంచే కాంతి ఫోటాన్ తెచ్చారు, కానీ అది దక్కేది చాలా అరుదుగా.

కాబట్టి 'పరకాయ ప్రవేశం చేయించే ప్రయత్నం' అని రాయండి. పరికరం పేరు ట్రాన్స్‌డ్యూసర్ అనే ఉంచండి. మైక్రోవేవ్‌నీ కాంతినీ కలిపే ఇలాంటి వ్యవస్థలను హైబ్రిడ్ అంటారు; ఆ మాటకు 'సంకర' వద్దు, విత్తనాల పుణ్యమా అని హైబ్రిడ్ రైతులందరికీ తెలిసిన మాటే.